భవన సమాచార నమూనా: కాంట్రాక్టరుకు కలిగే లాభాన్ని కొలుచుట ఎట్లు?

మానవుడు గుహలు విడిచి గోడలు కట్టుకొనడం నేర్చిన నాటి నుండి కొలత అతని వెంటనే ఉన్నది. జానెడు, మూరెడు, బారెడు అని మొదట తన శరీరంతోనే కొలుచుకొన్నాడు. తరువాత గజం బద్దలు, గొలుసులు, టేపులు వచ్చినవి. నేడు కట్టడపు పని ఏదైనను కొలత మీదనే నడుస్తున్నది. ప్రభుత్వ పనులు చేసే కాంట్రాక్టరు విషయంలోనైతే మెజర్‌మెంటు బుక్కులోకి, అనగా వాడుకలోని ఎం.బుక్‌లోకి, ఎక్కని పని చేయని పనితో సమానమే. ఇంతటి కొలతల లోకంలో బ్రతికే కాంట్రాక్టరు, తాను కొనే కొత్త సాధనం వలన తనకు ఎంత కలిసివచ్చినదో తెలుసుకొనే విషయంలో మాత్రం ఇతరుల మాట మీదనే ఆధారపడుతున్నాడు. ఇది వింతగా తోచవచ్చును గాని, కారణాలు లేకపోలేదు.

ఈ సంచిక చదివేవారిలో ఉర్దూ తెలిసినవారు ఎందరో ఉన్నారు గనుక ఒక మాట జ్ఞాపకం చేస్తాను. ఉర్దూలో అంచనాను 'తఖ్మీనా' అంటారు; కొలిచి తేల్చిన దానిని 'పైమాయిష్' అంటారు. ఈ రెండవ మాటే మన రెవెన్యూ దస్త్రాలలో 'పైమాషీ' అయి స్థిరపడినది. తఖ్మీనా పని మొదలు కాకముందు వేసేది. పైమాయిష్ పని జరిగిన తరువాత చేసేది. తఖ్మీనా చూసి ఏ ఇంజనీరూ బిల్లు చెల్లించడు. భవన సమాచార నమూనా గురించి ప్రచారంలో ఉన్న లాభపు అంకెలలో ఏది తఖ్మీనా, ఏది పైమాయిష్ అని వేరుచేసి చూపడమే ఈ వ్యాసంలో నేను తలపెట్టిన పని.

బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ అనీ, పొడి అక్షరాలలో 'బిమ్' అనీ వ్యవహరింపబడే ఈ పద్ధతిని ముందుగా కొంచెం పరిచయం చేయవలెను. కాగితం మీది ప్లానులో గోడ అంటే రెండు సమాంతర రేఖలు. అది గోడ అని మనకు తెలుసును, కాగితానికి తెలియదు. ఆ ప్లానునే కంప్యూటరు మీద గీసినంత మాత్రాన కంప్యూటరుకూ తెలియదు. భవన సమాచార నమూనాలో గోడ ఒక వస్తువు. దాని పొడవు, ఎత్తు, మందం, ఇటుక రకం, గిలాబు, అది ఏ అంతస్తులో ఉన్నది, ఏ వారంలో కట్టబడుతుంది అనేవన్నీ దానికి అంటిపెట్టుకొని ఉంటాయి. ఆ గోడలోని తలుపును ఒక అడుగు ప్రక్కకు జరిపితే ప్లాను, సెక్షను, ఎలివేషను, తలుపుల పట్టిక, ఇటుకల లెక్క ఒక్కసారిగా మారతాయి. కనుక దీనిని కేవలం అందమైన త్రిపరిమాణ చిత్రమని అనుకొనడం పొరపాటు. చిత్రం ఉపఫలం; సమాచారమే అసలు ఫలం.

ఈ ఆలోచన నిన్నటిది కాదు. చార్లెస్ ఈస్ట్‌మన్ అనే అమెరికా ఆచార్యుడు 1975లోనే, భవన రూపకల్పనలో చిత్రపటాలకు బదులుగా కంప్యూటరును ఎట్లు వాడవచ్చునో వివరిస్తూ వ్యాసం ప్రచురించినాడు. ఆనాటి యంత్రాలకు అంతటి శక్తి లేదు. సామాన్య కార్యాలయాలలోని బల్లల మీదికి ఈ పద్ధతి దిగివచ్చేసరికి ఇరవై ముప్పై సంవత్సరాలు పట్టినది.

కాంట్రాక్టరు దీనిని ప్రధానంగా నాలుగు పనులకు వాడుకొంటాడు. పరిమాణాలు లెక్కించుకొనుటకు, పని వరుసను వారాలవారీగా ముందే చూసుకొనుటకు, కార్ఖానాలో తయారుచేయించి తెచ్చే భాగాలకు ఖచ్చితమైన కొలతలిచ్చుటకు, అన్నిటికన్న ముఖ్యంగా 'క్లాష్'లను పట్టుకొనుటకు. ఒకే చోటును రెండు వస్తువులు ఆక్రమించుకొనడమే క్లాష్. స్ట్రక్చరల్ ఇంజనీరు బీము గీసిన చోటనే ఎయిర్ కండిషను వారు గాలిగొట్టం గీస్తారు. ఇద్దరి కాగితాలూ వేరువేరుగా చూస్తే నిర్దుష్టంగా ఉంటాయి. తగాదా సైటు మీద బయటపడుతుంది. స్లాబు పోసి, సెంట్రింగు విప్పిన తరువాత ప్లంబరు వచ్చి, మేస్త్రీ ఊరుకోమన్నా వినక, కోర్ కట్టింగు యంత్రంతో కాంక్రీటును తొలవడం మన పట్టణాలలో కట్టే భవనాలు చూసినవారికి కొత్త దృశ్యం కాదు. నమూనాలో ఈ తగాదా కంప్యూటరు తెర మీదనే తేలిపోతుంది. తెర మీద బీమును తొలిచినా సిమెంటు ఖర్చు కాదు.

ఇంతవరకు ఎవరికీ భేదాభిప్రాయం లేదు. మరి లాభం ఎంత? ఇక్కడనే చిక్కు మొదలవుతుంది.

వ్యవసాయంలో కొత్త ఎరువును పరీక్షించదలచినవారు పొలాన్ని రెండు మడులుగా విభజించి, ఒక దానిలో ఎరువు వేసి, రెండవ దానిలో వేయక, పంటను తూచి చూస్తారు. భవనాన్ని అట్లు రెండుసార్లు కట్టలేము. నమూనా వాడి కట్టిన ఆసుపత్రి, వాడకుండా కట్టిన మరొక ఆసుపత్రి ఎన్నడూ ఒక్కటి కావు. నేల వేరు, యజమాని వేరు, వర్షాలు వేరు, బిల్లులు చెల్లించే తొందర వేరు. పైగా సంస్థలు కొత్త పద్ధతిని మొదట తమ ఉత్తమ ఇంజనీర్ల చేతనే ప్రయోగింపజేస్తాయి. ఆ పని చక్కగా సాగితే కీర్తి నమూనాకు దక్కవలెనా, ఆ ఇంజనీర్లకు దక్కవలెనా? కాబట్టి లాభాన్ని లెక్కించేవారు, 'నమూనా లేకపోయి ఉంటే ఏమి జరిగి ఉండేది' అనే ఒక ఊహాలోకాన్ని కల్పించుకొని, దానితో జరిగిన దానిని పోల్చవలసి వస్తున్నది. జరిగినది పైమాయిష్, జరగనిది తఖ్మీనా. లాభం అనేది ఈ రెండింటి భేదం గనుక, దానిలో సగం ఎప్పుడూ తఖ్మీనాయే.

ఈ విషయం బాగా బోధపడుటకు ఒక నిజమైన లెక్కను విప్పి చూద్దాము. అమెరికాలో అట్లాంటా నగరంలో అక్వేరియం హిల్టన్ గార్డెన్ ఇన్ అనే హోటలును, దానికి చేరిన వాహనాల నిలుపుదల కట్టడాన్ని హోల్డర్ కన్‌స్ట్రక్షన్ అనే సంస్థ నిర్మించినది. వ్యయం 4 కోట్ల 60 లక్షల డాలర్లు. విస్తీర్ణం 4,84,000 చదరపు అడుగులు. నమూనాకు అయిన ఖర్చు 90,000 డాలర్లు; ఇది మొత్తం వ్యయంలో సుమారు 0.2 శాతం మాత్రమే. అందులో 40,000 డాలర్లు యజమానియే భరించినాడు. ఆబర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన సల్మాన్ అజర్ 2011లో ప్రచురించిన వ్యాసంలో ఈ హోటలు వివరాలు ఇచ్చినారు. ఈ రంగంలో అత్యధికంగా ఉదహరింపబడే వ్యాసాలలో అది ఒకటి.

పని మొదలు కాకముందే నమూనాలో 590కి పైగా క్లాష్‌లు బయటపడినవి. ప్రతి దానికీ ఒక సంఖ్య ఇచ్చి, చిత్రంతో సహా పట్టికలో నమోదు చేసి, అది సైటు మీద బయటపడి ఉంటే సరిదిద్దుటకు ఎంత ఖర్చయ్యేదో అంచనా కట్టినారు. అన్నీ కూడితే 8,01,565 డాలర్లు. ఇక్కడనే ఆగి, ఎనిమిది లక్షలు మిగిలినవని ప్రకటించుకొని ఉండవచ్చును. చాలామంది అంతటితోనే ఆగుతారు. కాని ఈ లెక్క వేసినవారు నిజాయితీగా ఒక ప్రశ్న వేసుకొన్నారు. నమూనా లేకపోయినంత మాత్రాన ఇంజనీర్లు కళ్లు మూసుకొని ఉండరు గదా. పాత పద్ధతిలోనే, పారదర్శక కాగితాలను ఒకదానిపై ఒకటి పరచి చూసి, ఈ క్లాష్‌లలో ఎన్నింటిని పట్టుకొని ఉండేవారు? నూటికి 75 పట్టుకొని ఉండేవారని ఊహించి, మిగిలిన 25 శాతాన్నే నమూనా ఖాతాలో వేసినారు. అప్పుడు లాభం 2,00,392 డాలర్లకు దిగినది.

ఆ 75 అనే అంకె మీద దృష్టి నిలుపవలసినదిగా పాఠకులను కోరుతున్నాను. క్లాష్‌ల సంఖ్య లెక్కించినది. 90,000 డాలర్ల ఖర్చు పుస్తకాలలో ఉన్నది. 75 మాత్రం ఎవరూ కొలువలేదు. అది వివేకంతో వేసిన ఊహ. అయినను లాభమంతా దాని మీదనే నిలిచి ఉన్నది. 75కు బదులు 50 అనుకొంటే లాభం నాలుగు లక్షల డాలర్లు దాటుతుంది. 90 అనుకొంటే మిగిలేది సుమారు 80,157 డాలర్లు. అనగా 90,000 ఖర్చుకు కూడా సరిపోదు, నష్టమే. లెక్క వేసి చూస్తే నూటికి సుమారు 89 వద్ద లాభనష్టాలు సరిసమానమవుతాయి. హోటలు ఒక్కటే, నమూనా ఒక్కటే. పాత పద్ధతి మీద మనకుండే గౌరవాన్ని బట్టి లాభమో, నష్టమో తేలుతున్నది. మన సైట్లలో పాత పద్ధతి ఎంత శ్రద్ధగా అమలవుతున్నదో ఎరిగినవారు 75 ఎక్కువేనని అనవచ్చును. అట్లంటే అది మన పని తీరు మీద ఒక విమర్శ అవుతుంది గాని, నమూనాకు యోగ్యతాపత్రం కాదు.

ఖర్చు ఎవరిదన్నది కూడా చూడవలెను. మొత్తం 90,000 లెక్కలోకి తీసుకొంటే 2,00,392 డాలర్ల ఆదా మీద నికర ప్రతిఫలం సుమారు 123 శాతం. యజమాని ఇచ్చిన 40,000 తీసివేసి కాంట్రాక్టరు భరించిన 50,000 మాత్రమే చూసి, ఆదా అంతా అతనికే చెందినదనుకొంటే సుమారు 301 శాతం. రెండూ తప్పుడు అంకెలు కావు. ఏ అంకెను ఎవరు చెబుతున్నారో, ఎవరి సంచిలోని డబ్బు గురించి చెబుతున్నారో అడగకుండా వినరాదు.

అదే వ్యాసంలో పది కట్టడాల పట్టిక ఒకటి ఉన్నది. వాటి ప్రతిఫలం 140 శాతం నుండి 39,900 శాతం వరకు వ్యాపించినది. ముప్పైతొమ్మిది వేల తొమ్మిది వందల శాతం! ఏ వడ్డీ వ్యాపారీ కలలో కూడా చూడని అంకె ఇది. దాని పుట్టుక ఇట్లున్నది. జార్జియా రాష్ట్రంలోని సవానా స్టేట్ విశ్వవిద్యాలయానికి ఒక భవనం కట్టదలచి, ప్రారంభ దశలోనే మూడు రకాల రూపకల్పనలకు నమూనాలు తయారుచేసి, ఒక్కొక్క దానికి వ్యయపు అంచనా జతపరచి యజమానికి చూపినారు. రెండు వారాల పని, ఖర్చు 5,000 డాలర్లు. యజమాని వాటిలో చవుకైన దానిని ఎంచుకొన్నాడు. దాని వలన మిగిలినది సుమారు 19,95,000 డాలర్లు. దానిని 5,000తో భాగిస్తే 399 రెట్లు, అనగా 39,900 శాతం.

ఆ ఇరవై లక్షలు నమూనా మిగిల్చినదా, యజమాని నిర్ణయం మిగిల్చినదా? మామూలు ప్లానులు పరచి చూపినా ఆ యజమాని బహుశా అదే ఎంచుకొనేవాడు. కొంచెం ఆలస్యమయ్యేది, కొంచెం సందేహం మిగిలేది. ఇక మిగిలిన సొమ్ము కాంట్రాక్టరుకు చేరినదా? లేదు. చవుకైన భవనం కట్టే కాంట్రాక్టరుకు పని విలువ తగ్గుతుందే గాని పెరగదు. ఈ చిక్కును గుర్తించియే కాబోలు, ఆ వ్యాసం రెండు సగటులను ఇచ్చినది. అన్ని కట్టడాలకు కలిపి 1,633 శాతం. ఇటువంటి ప్రారంభ దశ ఎంపికలు తీసివేసిన వాటికి 634 శాతం. వ్యాసకర్త రెండింటినీ ప్రక్కప్రక్కనే ఉంచినాడు. శిక్షణా సంస్థల కరపత్రాలలో ఏది కనబడుతుందో ఊహించుట కష్టం కాదు.

కరపత్రాల ప్రసక్తి వచ్చినది గనుక 'వరకు' అనే చిన్న మాటను గురించి చెప్పవలెను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని పరిశోధనా కేంద్రం 32 పెద్ద కట్టడాలను పరిశీలించి 2007లో వెలువరించిన ఫలితాలు ఈనాటికీ తిరుగుతున్నవి: బడ్జెటులో లేని మార్పులు 40 శాతం వరకు తగ్గినవి, అంచనా వేసే కాలం 80 శాతం వరకు తగ్గినది, క్లాష్‌లు పట్టుకొనుట వలన కాంట్రాక్టు విలువలో 10 శాతం వరకు ఆదా, కాలవ్యవధిలో 7 శాతం వరకు ఆదా. 'వరకు' అన్నప్పుడు చెప్పబడుతున్నది సగటు కాదు, శిఖరం. తరగతిలో మొదటి విద్యార్థికి 95 మార్కులు వస్తే, మా విద్యార్థులకు 95 మార్కుల వరకు వస్తాయని చెప్పుకొనడం అబద్ధం కాదు. కాని ఏ తండ్రీ దానిని చూసి తన కుమారునికి 95 వస్తాయని ఆశించరాదు.

అయితే లాభాన్ని కొలువలేమా? కొంతవరకు కొలువవచ్చును. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టెన్ బార్లిష్, కెన్నెత్ సల్లివన్ అనేవారు ఈ ప్రశ్ననే శీర్షికగా పెట్టి 2012లో ఒక పరిశోధన ప్రచురించినారు. ఒకే యజమాని సంస్థలో నమూనాతో జరిగిన పనులను, నమూనా లేకుండా జరిగిన పనులను వారు పోల్చినారు. లాభం వైపు మూడు అంశాలు తీసుకొన్నారు: వివరణ కోరుతూ వ్రాసే లేఖలు, మార్పు ఉత్తర్వులు, కాలవ్యవధి. ఖర్చు వైపు రూపకల్పన వ్యయం, నిర్మాణ వ్యయం ఉంచినారు. లాభానికి అవకాశం హెచ్చుగానే ఉన్నదని, అయితే అది పనికీ పనికీ మారుతున్నదని తేల్చినారు. సామాన్యంగా కనిపించే ఈ ముగింపులో గొప్ప విషయమేమనగా, ఈ అంశాలన్నీ కాంట్రాక్టరు దగ్గర ఎట్లాగూ ఉండే కాగితాలలోనివే. కొత్తగా కల్పించవలసినది ఏమీ లేదు. కాని ప్రతి దానిలోనూ ఒక గుంట ఉన్నది. తెలియకుండా నడిస్తే కాలు జారుతుంది.

వివరణ కోరే లేఖలనే తీసుకొందాము. 'ఈ బీము క్రింది మట్టం ఎంత?' అని కాంట్రాక్టరు ఇంజనీరుకు వ్రాసేది ఇటువంటి లేఖ. నమూనా వాడితే ఇవి తగ్గుతాయని అందరూ అంటారు. నిజానికి నమూనా తయారుచేసేవాడు ప్రతి కొలతనూ పూరించక తప్పదు గనుక, మొదటి రెండు మూడు నెలలలో ప్రశ్నలు పెరిగినా ఆశ్చర్యం లేదు. కాగితం మీద ఖాళీ వదలవచ్చును. నమూనాలో గోడకు ఎత్తు ఇవ్వకుండా గోడ నిలువదు. కనుక మొత్తం సంఖ్య చూసి నమూనా విఫలమైనదని అనుకొనే ప్రమాదం ఉన్నది. చూడవలసినది తేదీ. కాంక్రీటు పోయకముందు వచ్చిన ప్రశ్నలెన్ని, పోసిన తరువాత వచ్చినవెన్ని? ముందు ప్రశ్నకు ఖరీదు ఒక లేఖ. తరువాతి ప్రశ్నకు ఖరీదు ఒక గోడ.

క్లాష్‌ల సంఖ్య ఇంకా మోసపుచ్చేది. పొడవైన గాలిగొట్టం ఇరవై బీములకు తగిలితే అది ఇరవై క్లాష్‌లా, ఒక్కటా? గొట్టాన్ని అరడుగు దించితే ఇరవైయూ పోతాయి. యంత్రం ఇరవై అని చెబుతుంది. వివేకం ఒకటి అని చెబుతుంది. సహించదగిన దూరాన్ని కొన్ని మిల్లీమీటర్లు మార్చితే ఆ సంఖ్య వందలలోకి పెరుగుతుంది, పదులలోకి తగ్గుతుంది. అందుచేత, ఇన్ని వేల క్లాష్‌లు పట్టుకొన్నామని చెప్పుకొనే సంస్థలను చూసినప్పుడు, ఆ వేలలో నిజంగా సైటు మీద సుత్తి ఎత్తించేవి ఎన్ని అని అడగవలెను.

మార్పు ఉత్తర్వులలో కారణాలను విడదీయవలెను. యజమాని మనసు మార్చుకొని పాలరాయికి బదులు గ్రానైటు కావాలన్నాడు. పునాది త్రవ్వితే రాయి తగిలినది. రెండు డ్రాయింగులకు పొత్తు కుదరలేదు. ఈ మూడింటిలో నమూనా ఆపగలిగినది మూడవది మాత్రమే. మూడింటినీ కలిపి కూడి, తగ్గినవనో పెరిగినవనో చెబితే అది కొలత అనిపించుకోదు. ఇక్కడ చేదైన నిజం ఒకటి ఉన్నది. తక్కువ రేటుకు టెండరు వేసి పని సంపాదించి, అదనపు ఐటముల మీద నష్టం పూడ్చుకొనే గుత్తేదార్లు ఏ దేశంలోనైనా ఉన్నారు. డ్రాయింగులలోని పొరపాటు అట్టివారికి నష్టం కాదు, ఆదాయం. మార్పు ఉత్తర్వులు తగ్గించే సాధనాన్ని అతడు ఎందుకు కొంటాడు?

తిరిగి చేసే పని, అనగా కట్టినది పగులగొట్టి మళ్లీ కట్టే పని, నా అభిప్రాయంలో అన్నిటికన్న నమ్మదగిన కొలబద్ద. ఆస్ట్రేలియాలో పీటర్ లవ్, హెంగ్ లీ అనే పరిశోధకులు రెండు కట్టడాలలో ఇట్టి పనినంతా నమోదు చేసి 2000లో ప్రకటించినారు. ఒక దానిలో కాంట్రాక్టు విలువలో 3.15 శాతం, రెండవ దానిలో 2.40 శాతం తేలినది. అంకెలు చిన్నవిగా కనబడతాయి. వాటి బరువు తెలియవలెనంటే కాంట్రాక్టరు లాభం ప్రక్కన పెట్టి చూడవలెను. మన కేంద్ర ప్రజాపనుల శాఖ రేట్ల విశ్లేషణలో కాంట్రాక్టరుకు లాభం, పైఖర్చులు కలిపి 15 శాతం చేరుస్తారు. కోటి రూపాయల పనికి 15 లక్షలు చేరి కోటీ 15 లక్షలవుతుంది. ఆ 15లో సగం పైఖర్చులకు పోతే లాభం ఏడున్నర లక్షలు. ఆస్ట్రేలియా అంకె మనకు యథాతథంగా వర్తించదు గాని, ఉదాహరణకు 3 శాతం తిరుగు పని జరిగినదనుకొంటే 3 లక్షల 45 వేలు పోయినవి. అది లాభంలో దాదాపు సగం. 'లెస్సు'కు టెండరు వేసినవాని సంగతి చెప్పనే అక్కరలేదు. నమూనా ఈ తిరుగు పనిలో మూడవ వంతు ఆపగలిగితే మిగిలేది 1 లక్ష 15 వేలు. నమూనా చేయించే ఖర్చు అంతకు లోపల ఉంటేనే ఈ కాంట్రాక్టరుకు గిట్టుబాటు. పెద్ద సంస్థకు ఖర్చు అనేక పనుల మీద పంచబడుతుంది. ఒక్కొక్క పాఠశాల భవనం, ఒక్కొక్క అంగడి సముదాయం కట్టుకొనే చిన్న కాంట్రాక్టరుకు సాఫ్ట్‌వేరు అద్దె, కంప్యూటరు, మనిషి జీతం, నేర్చుకొనే నెలలు అన్నీ ఒక్క పని మీదనే పడతాయి.

లాభం ఎవరికి చేరుతుందన్న ప్రశ్నకు అమెరికా ప్రమాణాల సంస్థ 2004లో వెలువరించిన నివేదికలో ఒక విధమైన సమాధానమున్నది. కట్టడాల రంగంలో ఒకరి కంప్యూటరు సమాచారం మరొకరి కంప్యూటరుకు అందక, మళ్లీ మళ్లీ ఎక్కించుకొనవలసి వచ్చి జరిగే నష్టం 2002 సంవత్సరానికి 1,580 కోట్ల డాలర్లని ఆ నివేదిక లెక్కగట్టినది. అందులో యజమానులు, భవనాలు నడిపేవారు భరించేది 1,060 కోట్లు. సామగ్రి తయారీదార్లు, ఉప కాంట్రాక్టర్లది 220 కోట్లు, ప్రధాన కాంట్రాక్టర్లది 180 కోట్లు, రూపకర్తలది 120 కోట్లు. నష్టంలో మూడింట రెండు వంతులు యజమానిది గనుక, నష్టం తొలగితే మూడింట రెండు వంతుల లాభమూ అతనిదే. నమూనా తయారుచేసే శ్రమ మాత్రం రూపకర్తది, కాంట్రాక్టరుది.

బ్రిటిషు ప్రభుత్వం దీనిని గ్రహించినట్లే కనబడుతుంది. 2011లో విధానం ప్రకటించి, 2016 ఏప్రిల్ నుండి కేంద్రంగా కొనుగోలు చేసే ప్రభుత్వ కట్టడాలన్నిటికీ నమూనాను తప్పనిసరి చేసినది. యజమాని తానే గనుక లాభం తనదే. తరువాత ఆ లాభాన్ని కొలువదలచి ఒక పద్ధతిని తయారుచేయించి, రెండు పనుల మీద ప్రయోగించి 2018లో ఫలితాలు ప్రకటించినారు. లండనులోని ఒక కార్యాలయ భవనపు పునరుద్ధరణలో సుమారు 3 శాతం, యార్కు నగరంలో ఫాస్ నది వరద అడ్డుకట్ట పనిలో సుమారు 1.5 శాతం ఆదా తేలినది. పది శాతం, నలభై శాతం విన్న చెవులకు ఇవి చప్పగా తోచవచ్చును. నాకు మాత్రం ఈ చప్పని అంకెల మీదనే నమ్మకం ఎక్కువ.

మన దేశానికి వస్తే కొలతలోనే ఒక విశేషమైన చిక్కు ఉన్నది. మన బిల్లులు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 1200 ప్రకారం కొలువబడతాయి. దాని ప్రకారం గిలాబు పనిలో 0.5 చదరపు మీటరుకు మించని రంధ్రాలను తీసివేయనక్కరలేదు. దానికి బదులుగా రంధ్రపు అంచుల గిలాబును చేర్చరాదు. నమూనాకు ఈ మర్యాద తెలియదు. ఉన్నది ఉన్నట్లు తీసివేస్తుంది. ఒక హాస్టలు భవనంలో 60 సెంటీమీటర్ల చదరపు వెంటిలేటర్లు నూరు ఉన్నవనుకొందాము. ఒక్కొక్కటి 0.36 చదరపు మీటరు. గోడ రెండు వైపులా తీసివేస్తే నూటికి 72 చదరపు మీటర్లు నమూనా లెక్కలో తగ్గుతాయి. నమూనా లెక్కను గ్రుడ్డిగా నమ్మి బిల్లు పెట్టిన కాంట్రాక్టరు తనకు న్యాయంగా రావలసిన డబ్బు పోగొట్టుకొంటాడు. ప్రమాణపు లెక్క ప్రకారం సిమెంటు కొనేవాడు ఎక్కువ కొంటాడు. కొనుటకు ఒక లెక్క, బిల్లుకు ఒక లెక్క ఉండవలెనని తెలిసినవాడే నమూనా వలన బాగుపడతాడు. ఈ రెండు లెక్కల భేదం అమెరికా, బ్రిటను పరిశోధనలు చదివితే తెలిసేది కాదు. ఎం.బుక్ వ్రాసినవానికి తెలుస్తుంది.

హైదరాబాదులో అమెరికా, బ్రిటను దేశాల కట్టడాలకు నమూనాలు తయారుచేసి పంపే కార్యాలయాలు ఉన్నవి. సివిల్ చదివిన మన విద్యార్థులు కొందరు వాటిలో కుదురుకొంటున్నారు. సముద్రాల ఆవల ఉన్న ఆసుపత్రి గొట్టాలను సరిచేసే యువకుడు తన వీధిలో కట్టే భవనంలో ప్లంబరు స్లాబును తొలుస్తుంటే చూస్తూ వెళ్లడం మన కాలపు విచిత్రాలలో ఒకటి. ఆ విద్య ఇక్కడి చిన్న కాంట్రాక్టరుకు అందవలెనంటే, అతనికి కరపత్రం కాక, అతని సొంత పని మీద తీసిన లెక్క చూపవలెను.

అట్టి లెక్కకు గొప్ప ఏర్పాట్లు అక్కరలేదు. సైటులో ఒక నోటుబుక్కు చాలును. పగులగొట్టిన ప్రతిసారీ తేదీ, స్థలం, పగులగొట్టిన కారణం, కూలీల సంఖ్య, వాడిన సామగ్రి, ఆగిన గంటలు వ్రాయవలెను. కారణం వ్రాసేటప్పుడు డ్రాయింగు పొరపాటా, మేస్త్రీ పొరపాటా, యజమాని కోరికా అన్నది అదే రోజున నిర్ణయించవలెను. నెల తరువాత అడిగితే అన్నీ ప్లంబరు మీదికే వెళ్తాయి. నమూనా ఖర్చులో సమావేశాలకు పోయిన ఇంజనీరు గంటలు కూడా చేర్చవలెను. మొదటి అంతస్తు పాత పద్ధతిలో, రెండవ అంతస్తు నమూనాతో కట్టి రెండింటినీ పోల్చుదామని ఎవరికైనా తోచవచ్చును గాని, మొదటి అంతస్తులో చేయి తిరిగిన కూలీలు రెండవ అంతస్తును ఎట్లాగూ బాగానే కడతారు. ఆ మెరుగు నమూనాది కాదు. ఒకే ఆవరణలో ఒకే ప్లానుతో రెండు బ్లాకులు ఒకేసారి లేచే పని దొరికితే, ఒక దానికి నమూనా వాడి, రెండవ దానికి వాడక, రెండు నోటుబుక్కులు వేరువేరు మనుషుల చేత వ్రాయించవచ్చును. రైతు రెండు మడులకు మన వృత్తిలో దొరికే అతి సమీపమైన పోలిక అదే. హాస్టళ్లు, సిబ్బంది గృహాలు, పేదల ఇండ్ల సముదాయాలు కట్టే చోట్ల ఇటువంటి అవకాశం ఏటా కనబడుతూనే ఉన్నది.